పాత రాక్ కచేరీల మోజు, కొత్త టికెట్ల ధర: బెంగళూరు శ్రోతకు ఒక ఖర్చు పద్దు

2003 ఏప్రిల్ 4న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బ్రిటిష్ రాక్ బృందం రోలింగ్ స్టోన్స్ పాడిన సాయంత్రం వాన కురిసింది. ఆ రోజు అక్కడున్న వాళ్లను ఇప్పుడు కదిపి చూస్తే, ఏ పాట తర్వాత ఏ పాట వచ్చిందో చెప్పలేకపోవచ్చు గానీ, బురదలో చెప్పు కూరుకుపోయిన సంగతి మాత్రం తప్పకుండా చెబుతారు. అనంతపురం హాస్టల్ గదిలో కాపీ క్యాసెట్ల మీద రాక్ సంగీతం విని, ఉద్యోగం కోసం ఈ ఊరు చేరిన తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ణి. 2002లో రోజర్ వాటర్స్, మరుసటి ఏడు స్టోన్స్, 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, అదే ఏడాది జూన్ 2న ఏరోస్మిత్, 2011 అక్టోబర్ 30న మెటాలికా: ఇవన్నీ ఒకే మైదానంలో, మా గది నుంచి సిటీ బస్సులో వెళ్లి రాగలిగినంత దూరంలో జరిగాయి. అలాంటి పదేళ్లు చూసిన వాళ్లకు ఇవాళ్టి ప్రకటనల్లో అయిదంకెల ధర కనిపించగానే కోపం, దిగులు, ఆశ మూడూ ఒకేసారి కలగడంలో వింత లేదు.

ఇంటి అప్పు వాయిదాలూ పిల్లల ఫీజులూ కట్టుకుంటున్నా పాత మోజు చావని వాళ్ల కోసం ఈ వ్యాసం. ధర పెరిగిందని అలిగి ఇంట్లో కూర్చోవడమూ, మోజు ఆపుకోలేక క్రెడిట్ కార్డు గీకి ఆర్నెల్లు బాధపడటమూ రెండూ అనవసరమే. మనం ఇంతగా తలుచుకుంటున్నది నిజానికి ఆ పెద్ద పేర్లను కాదనీ, నెలకోసారి ఎక్కడో ఒకచోట గుంపులో నిలబడి పాట విన్న అలవాటుననీ నా అభిప్రాయం. పదిహేను వేల టికెట్ ఒక్కటి కొన్నంత మాత్రాన ఆ అలవాటు తిరిగి రాదు. కింద చెప్పే లెక్కలన్నీ ఈ అభిప్రాయం మీద నిలబడినవే కాబట్టి, దీనితో ఏకీభవించని వారు టికెట్ కొనే పద్ధతి, నిలబడే చోటు గురించిన భాగాలు చదువుకున్నా సరిపోతుంది.

ముందుగా జ్ఞాపకాన్ని లెక్క కట్టండి

ఏ ప్రకటనా కళ్లముందు లేని ఒక ఆదివారం చూసుకొని, ఇంతవరకు మీరు వెళ్లిన కచేరీల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పేరు ఎదురుగా ఇప్పటికీ గుర్తున్న విషయాలను రాయండి. నా కాగితం మీద 2003కు ఎదురుగా, ఒకే ప్లాస్టిక్ పట్టా కింద ముగ్గురం తలదాచుకోవడం ఉంది. 2007 మార్చికి ఎదురుగా, ఆటోవాళ్లెవరూ రానంటే అర్ధరాత్రి మెజెస్టిక్ దాకా నడిచి అనంతపురం బస్సు ఎక్కి, మర్నాడు గొంతు పెగలక ఇంట్లో అమ్మకు సైగలతో సమాధానం చెప్పడం ఉంది. వేదికకు ఎంత దగ్గరగా నిలబడ్డానో ఒక్కచోట కూడా రాసుకోలేదు, ఎందుకంటే అది గుర్తు లేదు.

ఈ చిన్న పనివల్ల రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది, పాత జ్ఞాపకం కోసం వేదిక ముందరి ఖరీదైన ఆవరణ టికెట్ కొనాల్సిన పని లేదని మీ చేతిరాతలోనే రుజువవుతుంది. రెండోది, కాగితం మీద పెద్ద పేర్ల మధ్య ఖాళీగా ఉండిపోయిన నెలలు కనిపిస్తాయి. ఆ నెలల్లో మనం ఊరికే కూర్చోలేదు. నాగరభావి న్యాయ కళాశాలలో 1997 నుంచి జరుగుతూ వచ్చిన స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ అనే రాక్ బ్యాండ్ల పోటీలకు వెళ్లాం. ఆగస్టు 15న ఉచితంగా జరిగే ఫ్రీడమ్ జామ్‌లో ఎండకు మాడుతూ ఊరి కుర్రాళ్ల బ్యాండ్లను ఒకదాని తర్వాత ఒకటి విన్నాం. బ్రిగేడ్ రోడ్డు పక్క సందులో 1989లో తెరిచిన పెకోస్ పబ్బులో ఒక్క గ్లాసు ముందు పెట్టుకొని పాత రాక్ క్యాసెట్లు వింటూ గంటలు గడిపాం. పండగ భోజనం గుర్తుంటుంది, రోజూ తిన్న అన్నం గుర్తుండదు. ఒంట్లో సత్తువ మాత్రం రోజూ తిన్నదానిదే.

కాబట్టి ఏడాది మొదట్లోనే సంగీతానికి ఒక మొత్తాన్ని విడిగా పెట్టండి. ఉదాహరణకు 15,000 రూపాయలు అనుకుంటే, రానుపోను ఖర్చులతో కలిపి ఒక పెద్ద కచేరీకి 7,000, ఎనిమిది చిన్న కచేరీలకు వెయ్యి చొప్పున 8,000 కేటాయించవచ్చు. పెద్దది ఆ మొత్తంలో ఇమడకపోతే ఆ ఏడాదికి పెద్దది లేదనుకోవాలి గానీ, చిన్నవాటిని కోసి దానికి పెట్టకూడదు. ఈ నియమాన్ని నేను రెండుసార్లు తప్పాను; రెండుసార్లూ ఆ తర్వాతి ఆర్నెల్లు ఎక్కడికీ వెళ్లలేదు.

ధర ఎందుకు ఇంత పెరిగింది

కారణాలు తెలిసినంత మాత్రాన ధర తగ్గదు గానీ, ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ ఎంత గింజుకున్నా లాభం లేదో తెలుస్తుంది.

పాతకాలమంతా కారుచౌక అనుకోవడం కూడా సగమే నిజం. 1969లో అమెరికాలో జరిగిన ఉడ్‌స్టాక్ సంగీత ఉత్సవానికి మూడు రోజులకు కలిపి ముందస్తు టికెట్ 18 డాలర్లు. ధరల పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటే అది ఇవాళ్టి 150 డాలర్ల చిల్లరకు సమానం. అసలు మలుపు తర్వాత వచ్చింది. 1994లో ఈగిల్స్ బృందం మళ్లీ కలిసి పాడినప్పుడు వాళ్ల టికెట్ ధర వంద డాలర్లు దాటడం పెద్ద వార్త అయింది. 2002లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ ఒక ఇంటర్వ్యూలో, ఇకపై రికార్డు సంగీతం కుళాయి నీళ్లలా, కరెంటులా ఇంటింటికీ వచ్చేస్తుందనీ, సంగీతకారులు ఊరూరా తిరిగి పాడటానికి సిద్ధపడాలనీ అర్థం వచ్చేలా మాట్లాడాడు. సరిగ్గా అలాగే జరిగింది. ఒకప్పుడు క్యాసెట్లు, సీడీలు అమ్ముడుపోవడానికి కచేరీ ప్రచారంగా పనికొచ్చేది కాబట్టి టికెట్ ధర తక్కువగా ఉంచడంలో వాళ్లకూ లాభముండేది. ఇప్పుడు పాట దాదాపు ఉచితంగా ఫోన్లోకి వస్తోంది గనుక, ఆదాయమంతా టికెట్ మీద నుంచే రావాలి. మనం క్యాసెట్ మీద మిగుల్చుకున్న డబ్బునే ఇప్పుడు గేటు దగ్గర కడుతున్నామని చెప్పినా తప్పు కాదు.

మన దేశానికి వచ్చేసరికి దీనికి డాలరు తోడవుతుంది. విదేశీ బృందాల పారితోషికం డాలర్లలో మాట్లాడుకుంటారు. 2003 ఏప్రిల్‌లో డాలరు 47 రూపాయల చుట్టూ ఉండగా 2025లో 85 దాటింది. అంటే ఒక బృందం ఇరవై ఏళ్లపాటు తన పారితోషికాన్ని ఒక్క డాలరు కూడా పెంచకుండా ఉన్నా, రూపాయల్లో ఆ ఖర్చు దాదాపు 1.8 రెట్లయి ఉండేది. పారితోషికాలు అలా ఆగలేదన్న సంగతి వేరే చెప్పాలా? తెరలు, దీపాలు, కంటైనర్లలో వచ్చే సామాను, విదేశీ కళాకారుడి ఆదాయంపై ఇక్కడ కోసుకునే పన్ను, ఇవన్నీ దానిమీద చేరతాయి. ఈ భాగాన్ని మనం ఏ ఉపాయంతోనూ తగ్గించలేం.

తగ్గించుకోగలిగినది ఆవరణల తేడా. వెనకటి కచేరీల్లో ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ధరలో ఇంత దూరం ఉండేది కాదు. ముందుగా వచ్చినవాడు ముందు నిలబడేవాడు. ఇప్పుడు అదే మైదానాన్ని ఇనుప కంచెలతో నాలుగైదు ముక్కలు చేసి ఒక్కోదానికి ఒక్కో ధర పెడుతున్నారు. 2025 జనవరిలో ముంబైలో జరిగిన కోల్డ్‌ప్లే కచేరీలకు టికెట్లు 2,500 రూపాయల నుంచి 35,000 దాకా పలికాయి. సంగీతం ఒకటే, రాత్రి ఒకటే, తేడా పద్నాలుగు రెట్లు. బ్రిటన్‌లో 2024లో ఒయాసిస్ బృందం టికెట్ల అమ్మకమప్పుడు, సుమారు 150 పౌండ్లుగా ప్రకటించిన నిలబడే చోటు, జనం వరుసలో ఎదురుచూస్తుండగానే 350 పౌండ్లు దాటింది. ఇక్కడ ఎక్కువగా కనిపించేది దశలవారీ పెంపు: మొదటి విడత, రెండో విడత అంటూ ధర ఎక్కుతూ పోతుంది. కోపం రావాల్సింది ఈ ముక్కలు చేసే పద్ధతి మీదనే అని నాకనిపిస్తుంది, కానీ మన చేతిలో ఉన్న మీటా అదే.

టికెట్ మీద అంకె, జేబులోంచి పోయే అంకె

ప్రకటనలో కనిపించే ధర చూసి ఎప్పుడూ నిర్ణయం తీసుకోకండి. సంగీత కార్యక్రమం ప్రవేశ రుసుము తలకు 500 రూపాయలలోపు ఉంటే జీఎస్టీ లేదు. దాటితే 18 శాతం పడుతుంది. చిన్న వేదికల టికెట్ 499 అని కనిపించినప్పుడు అది బాటా చెప్పుల ధరలాంటి కిటుకు ఒక్కటే కాదు, పన్ను గీతకు ఇవతల ఉండటం కూడా అని గ్రహించాలి. అమ్మే యాప్ తీసుకునే సౌకర్య రుసుము వేరు, దాని మీద పన్ను మళ్లీ వేరు.

ఒక లెక్క వేద్దాం. పన్ను కలపని టికెట్ ధర 4,000 అనుకుంటే జీఎస్టీ 720. సౌకర్య రుసుము 250 అనుకుంటే దాని పన్ను 45. ఒక్కరికి 5,015, దంపతులకు 10,030. జయనగర్ నుంచి ఊరి అంచున తుమకూరు రోడ్డు మీదున్న మైదానం దాకా క్యాబ్‌లో రానుపోను 1,600, లోపల నీళ్లూ తిండీ ఇద్దరికి 1,400 అనుకుంటే మొత్తం 13,030 రూపాయలు. నాలుగు వేల టికెట్ అనుకుని మొదలుపెట్టిన మాట పదమూడు వేల దగ్గర తేలింది. ఈ లెక్కను చెల్లింపు పేజీ దాకా వెళ్లి, అసలు అంకెలతో, కట్టకుండానే ఒకసారి వేసి చూసుకోండి. కొందరు నిర్వాహకులు పన్ను కలిపిన ధరనే ప్రకటిస్తారు కాబట్టి రెండుసార్లు కలపకుండా జాగ్రత్తపడండి.

చెల్లింపు పేజీలో అడగకుండానే టిక్కు పెట్టి ఉంచిన విరాళం, బీమా, పార్కింగ్ లాంటివి ఉంటే తీసేయండి. ఇలా బుట్టలో దొంగచాటుగా వస్తువులు వేయడం, ధరను చివరి మెట్టు దాకా కొంచెం కొంచెంగా బయటపెట్టడం, లేని తొందరను కల్పించడం, ఈ మూడింటినీ కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబర్ 30న ప్రకటించిన 13 రకాల డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాణ్ణి తప్పుదోవ పట్టించే తెర ఉపాయాల) జాబితాలో చేర్చి నిషేధించింది. తెరమీద ఎర్ర అంకెల గడియారం తిరుగుతున్నప్పుడు ఆ సంగతి గుర్తుంటే చేతులు కొంచెం నెమ్మదిస్తాయి.

కొనే రోజు

పెద్ద కచేరీకి టికెట్లు ఎప్పుడు తెరుస్తారో వారం ముందే తెలుస్తుంది. ఫలానా బ్యాంకు కార్డు ఉన్నవాళ్లకు ఒకటి రెండు రోజుల ముందు అమ్మే పద్ధతి ఇప్పుడు మామూలైంది. ఆ కార్డు స్నేహితుల్లో ఎవరికైనా ఉందేమో ముందే కనుక్కోండి గానీ, అందుకోసం కొత్త కార్డు తీసుకోకండి. బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ లాంటి యాప్‌లో ముందురోజే ఖాతా తెరిచి, ఫోన్ నంబరు ధ్రువీకరించి, చెల్లింపు పద్ధతి నమోదు చేసి పెట్టుకోవాలి. వరుసలో నిలబడ్డాక పేజీని మళ్లీ మళ్లీ తెరవకూడదు, అలా చేస్తే కొన్నిసార్లు వెనక్కు పడిపోతాం.

అన్నిటికన్నా ముఖ్యమైన పని కాగితం మీద చేయాల్సినది. ఏ ఆవరణ, గరిష్ఠంగా ఎంత, ఎంతమందికి అన్న మూడు అంకెలూ ముందురోజు రాత్రే రాసి ఫోన్ పక్కన పెట్టుకోండి. అనుకున్న ఆవరణ అయిపోయిందని తెలియగానే వేళ్లు వాటంతటవే పై మెట్టు మీదకు వెళతాయి. ఆ క్షణంలో కాగితం చూసి ఫోన్ కింద పెట్టగలిగితే మీ ఏడాది పద్దు నిలుస్తుంది. మధ్యస్థాయి కచేరీలకు చివరి వారంలో నలుగురికి కలిపి తగ్గింపు ధర పెట్టడం తరచూ చూశాను కాబట్టి, వాటికి తొందర పనికిరాదు. అతి పెద్ద పేర్లకు ఆ ఆశ పెట్టుకోవద్దు.

బయటి వ్యక్తుల దగ్గర కొనడం గురించి నా మాట చాలా చిన్నది: వద్దు. మూడేళ్ల కిందట ఒక అపరిచితుడి దగ్గర ఫోన్లో బొమ్మగా వచ్చిన టికెట్ కొని గేటు దగ్గరకు వెళితే, ఆ కోడ్‌తో అప్పటికే ఎవరో లోపలికి వెళ్లిపోయారని యంత్రం చెప్పింది. ఒకే బొమ్మను ఎంతమందికి అమ్మాడో నాకు తెలియదు. అదే యాప్‌లో ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు టికెట్ బదలాయించే సౌకర్యం ఉంటే, బదలాయింపు పూర్తయ్యాకే డబ్బు ఇవ్వాలి. అది కూడా ముద్రించిన ధరకు మించి ఇవ్వకూడదు.

ఎక్కడ నిలబడాలి

పాతవాళ్లు కొత్త కుర్రాళ్లకు చెప్పదగిన విద్య ఏదైనా ఉంటే అది ఇదే, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మైదానంలో శబ్దం అంతటా ఒకేలా ఉండదు. శబ్దాన్ని సరిచేసే ఇంజినీరు వేదికకు ఎదురుగా, మధ్యగీత మీద, కొంత వెనకగా ఒక చిన్న మంచె మీద మిక్సింగ్ డెస్క్ పెట్టుకుని కూర్చుంటాడు. అతడు తన చెవికి ఏది బాగుంటే దాన్నే మైదానమంతటికీ పంపిస్తాడు గనుక, అతడి చుట్టుపక్కల వినిపించేదే ఆ రాత్రికి అసలైన సంగీతం. వేదికకు ఆనుకొని నిలబడితే వినిపించేది ఎక్కువగా నేలమీది బేస్ పెట్టెల దడదడ, పక్కవాడి కేకలు. పైన వేలాడదీసిన స్పీకర్ల ధ్వని చాలాభాగం మన తలల మీదుగా వెనక్కు వెళ్లిపోతుంది. అంటే అత్యధిక ధర కట్టినవాడు గాయకుడి చెమటను చూస్తాడు, మధ్యలో ఉన్నవాడు పాట వింటాడు.

టికెట్ కొనేముందు మైదానం పటంలో ఈ డెస్క్ ఎక్కడుందో వెతకండి. పటంలో చూపకపోతే వేదిక మధ్య నుంచి నిట్టనిలువుగా గీత గీసి, ముందరి ఆవరణ ముగిసి రెండోది మొదలయ్యే చోటును గమనించండి. చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆ డెస్క్‌కు సరిగ్గా వెనక, రెండో లేదా మూడో ధర ఆవరణ ముందు అంచున చోటు దొరికితే ఇంకేం కావాలి! ఆ మంచె వెనక నిలబడితే తోపులాట కూడా తక్కువ. మూలల్లో ఉన్న ఆవరణలు మాత్రం ఎంత చౌకైనా కొనకండి. ఒక పక్క స్పీకర్ల వరుస ఒక్కటే వినబడి, రెండు గిటార్లున్న బృందంలో ఒక గిటారు సగం మాయమవుతుంది.

మరీ వెనక నిలబడాల్సి వస్తే ఇంకొక సంగతి చూసుకోవాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది కాబట్టి వంద మీటర్ల దూరానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండేది అర సెకనే. అంటే తెరమీద డ్రమ్మరు చేయి పడిన తర్వాత, తర్వాతి దెబ్బకు సగం దారి దాటాక గానీ మనకు చప్పుడు వినిపించదు. మైదానం మధ్యలో ఎత్తుగా నిలిపే అదనపు స్పీకర్ల స్తంభాలకు, ముందు నుంచి వచ్చే ధ్వనితో కలిసేలా లెక్క కట్టి అంత ఆలస్యం ఇస్తారు. అలా ఆలస్యాన్ని కలిపినా తెరమీది బొమ్మకూ చెవికీ పొత్తు కుదరదు గానీ, మాట స్పష్టంగా వినిపిస్తుంది. వెనకవాళ్లు ఆ స్తంభం మీది స్పీకర్లు చూసే వైపున, పదిపదిహేను మీటర్ల దూరంలో నిలబడటం మంచిది.

ఇక చెవుల సంగతి. అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌ను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, వంద డెసిబెల్స్ దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలు. రాక్ కచేరీ రెండు గంటలు. మందుల దుకాణంలో దొరికే మెత్తటి ఫోమ్ బిరడాలు ఒక జత జేబులో వేసుకోండి. పెట్టుకుంటే పాట వినపడదన్నది అపోహ. కొంచెం మూసుకున్నట్టు ఉంటుంది, అంతే. ఇరవై ఏళ్ల వయసులో ఇది ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి, ఇప్పుడు నా ఎడమ చెవిలో రాత్రిళ్లు ఒక సన్నని ఈల వినిపిస్తుంటుంది.

వెళ్లడం, రావడం

ప్యాలెస్ గ్రౌండ్స్ రోజులు పోయి, పెద్ద కచేరీలు క్రమంగా ఊరి అంచులకు జరిగాయి. 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ పాడిన నైస్ గ్రౌండ్స్ తుమకూరు రోడ్డు మీద మాదావర దగ్గర ఉంది. అదృష్టవశాత్తు 2024 నవంబర్ 7 నుంచి ఆకుపచ్చ మెట్రో మార్గం మాదావర దాకా నడుస్తోంది గనుక, ఊదా మార్గంలో వచ్చేవాళ్లు మెజెస్టిక్‌లో మారితే చాలు. పై లెక్కలో క్యాబ్‌కు పోయిన 1,600లో చాలాభాగం ఇక్కడే మిగులుతుంది. చివరి రైలు ఎప్పుడో వెళ్లేముందే చూసుకుని, రిటర్న్ టికెట్ కూడా చేతిలో పెట్టుకోవాలి.

రాత్రి పది తర్వాత బహిరంగ ప్రదేశంలో లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. పండగలకు, సాంస్కృతిక సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజుల దాకా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. అందుచేత ప్రధాన బృందం చాలాసార్లు ఎనిమిదికల్లా వేదిక ఎక్కుతుంది. అమెరికా వీడియోల్లో చూసినట్టు తొమ్మిదిన్నరకు మొదలవుతుందిలే అని తీరిగ్గా బయలుదేరితే, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లోనే సగం కచేరీ అయిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లులు ఏ సాయంత్రమైనా పడతాయి. గొడుగు లోపలికి రానివ్వరు, పలచటి వానకోటు మడిచి జేబులో పెట్టుకోండి. కాళ్లకు బూట్లు వేసుకోండి. 2003లో పోయిన నా చెప్పు ఇంకా ఆ మైదానంలోనే ఉండాలి.

కచేరీ రద్దయితే

2011 అక్టోబర్ 28న గుర్‌గావ్‌లో మెటాలికా కచేరీ చివరి క్షణంలో రద్దయి, రెండు రోజుల తర్వాత బెంగళూరులో చక్కగా జరిగింది. ఎంత పెద్ద పేరైనా ఇది తప్పదు. టికెట్ మెయిల్, చెల్లింపు రసీదు, కొన్ననాటి నిబంధనల పేజీని భద్రపరచండి. వాపసు రాకపోతే ముందు అమ్మిన యాప్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకుకు కూడా తెలియజేయాలి. తర్వాత జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. అక్కడా తేలకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు దాఖలు రుసుము లేదు.

మిగిలిన ఎనిమిది వేలతో

ఇప్పుడు అసలు విందు. ఈ ఊళ్లో 1996లో మొదలైన థర్మల్ అండ్ ఎ క్వార్టర్ లాంటి బృందాల కచేరీలు వెతికితే, మనం పాతికేళ్ల కిందట కళాశాల మైదానాల్లో విన్నవాళ్లే నెరిసిన జుట్టుతో ఇంకా వాయిస్తుండటం చూడవచ్చు. కవి పఠాభి గారు తెలుగు పద్యాల నడుములు విరగదంతానని బయలుదేరితే, వారి అబ్బాయి కోణార్క్ రెడ్డి ఇదే బెంగళూరులో గిటారు పట్టుకున్నారు. రాక్ సంగీతం మనది కాదనే బంధువులకు చెప్పడానికి ఇంతకంటే మంచి సమాధానం నాకు దొరకలేదు. దొమ్మలూరులోని బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్‌లో ఉచిత ప్రవేశంతో తరచూ సంగీత కార్యక్రమాలు జరుగుతాయి, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. పాత బృందాల పాటలను అచ్చంగా వాయించే ట్రిబ్యూట్ రాత్రులు పబ్బుల్లో ఉంటాయి. వాటికి వెళ్లేముందు కట్టే డబ్బు ప్రవేశానికేనా, తినడానికి తాగడానికి తిరిగి వాడుకునే కవర్ ఛార్జీయా అని అడగాలి. రెండోదైతే రాత్రి భోజనం ఖర్చు అందులోనే తీరిపోతుంది.

చెన్నైలో చుట్టాలున్న వాళ్లకు మరో దారి ఉంది. ఐఐటీ మద్రాసులో ఒకప్పుడు మార్డీ గ్రాగా మొదలై 1996 నుంచి సారంగ్ పేరుతో జనవరిలో జరిగే ఉత్సవానికి 2009లో స్వీడన్ మెటల్ బృందం ఓపెత్ వచ్చింది. బయటివాళ్ల ప్రవేశ నియమాలు ఏటా మారుతుంటాయి గనుక రైలు టికెట్ కొనేముందు అవి చదవండి.

పిల్లల్ని తీసుకెళ్లాలంటే వేదికను బట్టి వయసు నిబంధన మారుతుంది. పబ్బులు సాధారణంగా 21 ఏళ్లు నిండనివాళ్లను రానివ్వవు. సభామందిరాల్లో, కళాశాలల్లో, బహిరంగ మైదానాల్లో ఎంత వయసువాళ్లను రానిస్తారో టికెట్ పేజీలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పోయిన ఏడాది దొమ్మలూరులో ఒక ఉచిత కచేరీకి మా అమ్మాయిని తీసుకెళ్లాను. ముగ్గురే వాయిద్యకారులు, రెండు వందల కుర్చీలు, డ్రమ్మరు కర్ర ఎత్తడమూ చప్పుడు రావడమూ ఒకేసారి. సగంలో నా చెవి దగ్గరకు వంగి, "నాన్నా, ఇక్కడ తెర ఎందుకు పెట్టలేదు?" అని అడిగింది. మనిషే కనిపిస్తుంటే తెర ఎందుకమ్మా అన్నాను. వచ్చే నెల ఎక్కడికి వెళదామో ఇప్పుడు తనే వెతుకుతోంది. టికెట్ 499 దాటకూడదన్న షరతు మాత్రం నాది.